మా మేనల్లుడు ఎక్కే విమానం ఏ ఏడాదిది? రష్యా విమానయాన అధికారులకు బహిరంగ లేఖ

రష్యా రవాణా మంత్రిత్వ శాఖకు, పౌర విమానయాన సంస్థ రోసావియాత్సియాకు,

నమస్కారం.

నేను ఖమ్మంలో పిల్లల డాక్టర్ని. 1992 నుంచి 1998 దాకా వోల్గోగ్రాడ్‌లో వైద్యం చదివాను. నాకు మీ భాష వచ్చు. ఈ ఉత్తరాన్ని రష్యన్‌లో రాసి మీకు విడిగా పంపాను. మళ్ళీ తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీ విమానాల్లో తిరిగే పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ మా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళూ చదవాలి.

2025 జులై 24న మా చెల్లెలి ఇంట్లో అందరం భోజనాల దగ్గర ఉన్నాం. మా మేనల్లుడు ఖబరోవ్‌స్క్‌లో మెడిసిన్ చదువుతున్నాడు, సెలవులకి ఇంటికొచ్చాడు. ఫోన్ చూస్తూ తింటున్నవాడు చెయ్యి ఆపేశాడు. "మావయ్యా, మా ఊరి ఫ్లైటు" అన్నాడు. వాడి లెక్కలో ఇప్పుడు మా ఊరంటే ఖబరోవ్‌స్క్. అక్కణ్ణుంచి బ్లగోవెష్చెన్స్క్ మీదుగా టిండా వెళ్ళిన, సోవియట్ కాలపు ఏఎన్-24 రకం విమానం, దిగడానికి రెండోసారి ప్రయత్నిస్తూ అడవి కొండ మీద కూలిపోయింది. 48 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు.

ఆ విమానం 1976లో తయారైందని సాయంత్రానికి తెలిసింది. మా చెల్లెలు పుట్టిందీ 1976లోనే. "అంటే అమ్మ వయసు విమానం" అన్నాడు వాడు. మా చెల్లెలు వంటింట్లోంచి విన్నది, ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం వాణ్ణి వెనక్కి పంపాలా, ఇక్కడే ఏదో ఒకటి చూడాలా అని ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. నాలుగేళ్ళ చదువు మధ్యలో వదిలేసి రమ్మని ఎలా అంటాం? పంపించాం.

మీకు కోపం తెప్పించడం నా ఉద్దేశం కాదు. మీ దేశం నాకు చదువు చెప్పింది. మీ విమానాలంటే నాకు ఇష్టం కూడా. అందుకే ఇంత దూరం నుంచి ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నేను మొట్టమొదట ఎక్కిన మీ దేశీయ విమానం టీయూ-134. 1992 సెప్టెంబరులో మాస్కో నుంచి వోల్గోగ్రాడ్‌కి. విమానం ముక్కు దగ్గర ఒక అద్దాల గది ఉంది. అందులో నావిగేటర్ కూర్చుంటాడని పక్కాయన చెప్పాడు. దారి చూడ్డానికి ముందర ఒక మనిషిని కూర్చోబెట్టారంటే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మా ఊళ్ళో లారీలకి క్లీనర్ ఉన్నట్టే అనుకున్నాను. లోపల ఖాళీ సీట్ల వీపులు ముందుకు వాలిపోయి ఉన్నాయి. నేను ఒకదాని మీద చెయ్యి ఆన్చితే అది టప్పున మడిచుకుపోయింది. లేచే ముందు ఎయిర్ హోస్టెస్ ఒక ట్రేలో పుల్లటి బిళ్ళలు పంచింది, చెవులు దిబ్బడ వేయకుండా చప్పరించమని. దిగగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కేబిన్‌లో కిరోసిన్ వాసన సన్నగా ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు వోల్గోగ్రాడే గుర్తొస్తుంది.

మూడు నాలుగు నెలలకి మా నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. అర ఎకరం అమ్మి నన్ను చదువుకి పంపాడు. 1993 జనవరి 9న హైదరాబాద్ బేగంపేట నుంచి ఢిల్లీ వెళ్ళిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం, దిగేటప్పుడు రన్‌వే పక్కన నేల తాకి, తలకిందులై తగలబడిపోయిందని రాశాడు. అది టీయూ-154. అప్పట్లో మా దగ్గర పైలట్ల సమ్మె జరుగుతుంటే ఉజ్బెకిస్తాన్ నుంచి అద్దెకు తెచ్చిన విమానం. అందులో ఉన్న 165 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ రోజు జరిగింది నిజంగా అద్భుతమే. కానీ నాన్నకి అద్భుతాల మీద నమ్మకం లేదు. "అది మీ రష్యా విమానమేనట. నువ్వు మాస్కోకి రైల్లో తిరుగు" అని రాశాడు. చివర ఇంకో మాట రాశాడు. "బస్సు పాతదైతే భయం లేదురా. దాని స్పేర్లు దొరకకపోతేనే భయం."

నేను రైల్లోనే తిరిగాను. వోల్గోగ్రాడ్ నుంచి మాస్కోకి రైలుంది, రాత్రి ఎక్కితే మర్నాటికి చేరతాం. కానీ మీ దేశంలో చాలా ఊళ్ళకి నాన్న చెప్పిన ఆ దారి లేదు. వజ్రాలు తవ్వే మిర్నీకి రైలు లేదు. ఉదాచ్నీకి లేదు. సైబీరియాలోని యకూతియాలో ఎన్నో పల్లెలకి చలికాలం గడ్డకట్టిన నది మీద వేసిన దారి, లేదంటే విమానం, అంతే. అక్కడ కాన్పు కష్టమైన మనిషిని పట్నానికి తీసుకురావాలన్నా ఆ పాత విమానమే దిక్కు. కాబట్టి "పాతవన్నీ రేపే ఆపేయండి" అని నేను అడగడం లేదు. అలా అడగడం ఖమ్మంలో కూర్చున్నవాడికి సులువు, అక్కడున్నవాళ్ళకి కాదు.

నేను అడిగేది వేరు. మీ దేశంలో విమానం ఎప్పుడు రిటైర్ కావాలో ఇన్నాళ్ళూ ప్రమాదాలే చెబుతూ వచ్చాయి. ఆ పని మీరు చేయండి.

2011ని గుర్తు చేసుకోండి. జూన్ 20 రాత్రి మాస్కో నుంచి వెళ్ళిన టీయూ-134 పెత్రోజావోద్‌స్క్ దగ్గర పొగమంచులో రన్‌వే దాకా చేరకుండానే రోడ్డు మీద పడింది. 47 మంది పోయారు. వెంటనే అప్పటి అధ్యక్షుడు మెద్వెదెవ్ టీయూ-134లని రెగ్యులర్ సర్వీసుల నుంచి తప్పించమన్నారు. మూడు వారాలు తిరక్కుండా, జులై 11న, సైబీరియాలో ఒక ఏఎన్-24 ఇంజన్ మంటలతో ఓబ్ నదిలో దిగింది. ఏడుగురు పోయారు. ఏఎన్-24లని కూడా ఆపాలన్న మాట అప్పుడే వచ్చింది. సెప్టెంబరు 7న యారోస్లావ్ల్‌లో యాక్-42 కూలి లొకొమొతీవ్ హాకీ జట్టు మొత్తం పోయింది. 44 మంది. ఒక్క వేసవిలో మూడు రకాల పాత విమానాలు. మీ టీవీల్లో అప్పుడు ఎంత చర్చ జరిగిందో నాకు తెలుసు, వోల్గోగ్రాడ్ మిత్రులు రోజూ ఫోన్ చేసేవారు.

టీయూ-134 సంగతి నిజంగానే తేలింది. ఒక్కొక్కటిగా తగ్గుతూ తగ్గుతూ, 2019 మేలో ఇర్కుత్‌స్క్ నుంచి నొవొసిబీర్‌స్క్‌కి చివరి సర్వీసు ఎగిరింది. ఏఎన్-24 సంగతి తేలలేదు. 14 ఏళ్ళ తర్వాత టిండాలో మళ్ళీ అదే రకం, ఓబ్ నదిలో దిగినదాన్ని నడిపిన విమానయాన సంస్థే. ఆ విమానం ఎగరడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్‌ని 2021లో పొడిగించి, 2036 వరకు ఇచ్చారని మీ వార్తా సంస్థలే రాశాయి. 2036 అంటే దానికి 60 ఏళ్ళు నిండేవి. మా ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు కూడా దాదాపు ఆ వయసుకే రిటైర్ అవుతాడు.

ఇక్కడ మీవాళ్ళు ఒక మాట అంటారు, నేను చాలాసార్లు విన్నాను. "చెలవేచెస్కీ ఫాక్తర్". మానవ తప్పిదం. విమానం తప్పేం లేదు, మనిషిదే తప్పు అని. అది అబద్ధం కూడా కాదు. పెత్రోజావోద్‌స్క్‌లో సిబ్బంది తప్పే అని దర్యాప్తు తేల్చింది. యారోస్లావ్ల్‌లో లేచే పరుగులో బ్రేకు మీద కాలు ఉందని తేలింది. 2006లో దొనెత్‌స్క్ దగ్గర 170 మందితో కూలిన టీయూ-154 ఉరుముల మేఘం పైనుంచి దాటబోయి అదుపు తప్పింది. రెక్క ఊడిపోయి పడింది ఒక్కటీ కాదు. ఒప్పుకుంటాను.

కానీ డాక్టరుగా నాకు ఒకటి తెలుసు. రాత్రి డ్యూటీలో అలసిపోయిన నర్సు మందు డోసు తప్పు వేస్తే, తప్పు ఆవిడదే అని రాసేసి ఫైలు మూసేయొచ్చు. లేదా రెండు మందుల సీసాలూ ఒకే రంగులో, ఒకే అరలో ఎందుకు ఉన్నాయని అడగొచ్చు. రెండో ప్రశ్న అడిగిన ఆసుపత్రిలోనే మరుసటి ఏడాది ఆ తప్పు జరగదు. టీయూ-154 కాక్‌పిట్‌లో ముగ్గురో నలుగురో కూర్చుని, ఒకరు గడియారాలు చూసి, ఒకరు లెక్క కట్టి, ఒకరికొకరు నోటితో చెప్పుకుంటూ నడిపేవారు. మంచి సిబ్బంది చేతిలో అదొక కచేరీలా ఉంటుందని పాత పైలట్లు మురిసిపోతారు. రాత్రి, మంచు, రేడియోలో సరిగ్గా వినపడని మాట, ఇవన్నీ కలిసిన రోజున మాత్రం అంతమంది మీద ఆధారపడ్డ యంత్రం ఏ ఒక్కరి తప్పునీ క్షమించదు. మనిషి తప్పు చేస్తాడని తెలుసు కాబట్టే కొత్త విమానాలు కట్టుకుంటాం.

పాత విమానాన్ని నేను తక్కువ చేయడం లేదనడానికి ఒక కథ చెప్పాలి. మీకు తెలిసిందే, మా తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు.

2010 సెప్టెంబరు 7న ఒక టీయూ-154ఎం ఉదాచ్నీ దగ్గరి పొల్యార్నీ విమానాశ్రయం నుంచి మాస్కోకి బయల్దేరింది. అందులో 81 మంది. ఆకాశంలో ఉండగా బ్యాటరీ వేడెక్కి పాడై, మొత్తం కరెంటు పోయింది. రేడియో లేదు, దారి చూపే పరికరాలు లేవు. అన్నిటికంటే ఘోరం, రెక్కల్లోని ఇంధనాన్ని తోడే పంపులు ఆగిపోయాయి. ఇంజన్లకి నేరుగా అందే చిన్న ట్యాంకులో ఉన్నది అరగంటకే సరిపోతుంది. పైలట్లు మేఘాల కిందికి దిగి కంటితో వెతికారు. కోమి అడవుల్లో ఇజ్మా అనే ఊరి దగ్గర ఒక రన్‌వే కనిపించింది. పొడవు 1,325 మీటర్లు. ఈ విమానానికి కావాల్సిన దాంట్లో దాదాపు సగం. కరెంటు లేక రెక్కల ఫ్లాప్‌లు కూడా దించలేకపోయారు, అంటే మామూలు కంటే చాలా వేగంతో దిగాలి. రెండుసార్లు పైనుంచి చూసుకుని మూడోసారి దించారు. విమానం రన్‌వే చివర దాటి చిన్న చెట్లని విరుచుకుంటూ అడవిలోకి వెళ్ళి ఆగింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. కెప్టెన్ నొవొసేలొవ్‌కి, కో-పైలట్ లమానొవ్‌కి రష్యా హీరో బిరుదు ఇచ్చారు.

ఆ రన్‌వే మీద విమానాలు దిగడం మానేసి అప్పటికే ఏళ్ళయింది. హెలికాప్టర్లు మాత్రమే వచ్చేవి. లెక్క ప్రకారం అక్కడ పొదలు మొలిచి, కలప దుంగలు పేర్చి ఉండాలి. కానీ ఆ హెలిపోర్టు చూసుకునే సెర్గేయ్ సొత్నికొవ్ ఏటా దాన్ని శుభ్రం చేయిస్తూ వచ్చాడు. మొక్క మొలిస్తే పీకించాడు. ఎవరైనా దాని మీద బండి పెడితే తీయించాడు. అలా చేయమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, దానికోసం వేరే జీతం ఇవ్వలేదు.

ఆ విమానాన్ని అక్కడే బాగుచేసి 2011 మార్చిలో అదే చిన్న రన్‌వే మీంచి లేపారు. ఇంకో ఏడేళ్ళు ప్రయాణికుల్ని మోసింది. ఇప్పుడు నొవొసిబీర్‌స్క్‌లో ప్రదర్శనకి ఉంది. అంత గట్టి విమానం అది. అందుకే మీవాళ్ళు దాన్ని ప్రేమించారు. టీయూ-154 రకం 1972 నుంచి ఏరోఫ్లోట్‌లో 38 ఏళ్ళు నడిచింది. 2009 డిసెంబరు 31న ఏరోఫ్లోట్ దాన్ని దింపేసింది. దేశంలో ప్రయాణికులతో చివరి సర్వీసు 2020 అక్టోబరు 28న మిర్నీ నుంచి నొవొసిబీర్‌స్క్‌కి. ఆ రోజు వీడియోలో జనం విమానం చుట్టూ నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. దాన్ని ఓడించింది ప్రమాదాలు కాదు, ఇంధనం ఖర్చు. మూడు ఇంజన్లతో, ఎయిర్‌బస్ ఏ320 కంటే దాదాపు రెట్టింపు తాగేది. చప్పుడు వల్ల యూరప్ ముందే కొన్ని రకాలకి తలుపులు మూసేసింది. ప్రమాదం వచ్చి చెప్పేదాకా ఆగకుండా, లెక్కలు చూసుకుని, తేదీ పెట్టుకుని, పద్ధతిగా దింపేయడం మీకు చేతనవుతుందని ఏరోఫ్లోట్ చేసి చూపించింది. నేను అడుగుతున్నది మళ్ళీ అదే చేయమని.

అప్పట్లో అది సులువైందంటే దింపిన చోట పెట్టడానికి బోయింగ్, ఎయిర్‌బస్ విమానాలు అద్దెకు దొరికాయి. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2022 మార్చి తర్వాత వాటికి విడిభాగాలు అధికారికంగా రావడం ఆగిపోయింది. ఇప్పుడు ఎగురుతున్న మీ సొంత సూపర్‌జెట్ విమానాలకి కూడా ఇంజన్‌లో సగం ఫ్రాన్సుదే. యుద్ధం గురించి, ఆంక్షల గురించి వాదించడం నా పని కాదు. దాని ఫలితం మాత్రం మా నాన్న 1993లో రాసిన వాక్యంలోనే ఉంది. స్పేర్లు దొరకని రోజు నుంచి పదేళ్ళ విమానం కూడా ముసలిదైపోవడం మొదలుపెడుతుంది. ఏఎన్-24ని డిజైన్ చేసిన ఆంతోనొవ్ సంస్థ ఉన్నది కీవ్‌లో. ఈరోజు ఆ విమానం రెక్కలో పగులు కనిపిస్తే, దాన్ని పుట్టించినవాళ్ళని అడిగే వీలు మీకు లేదు. పసిబిడ్డకి జబ్బు చేస్తే తల్లిని ఏ ప్రశ్నా అడగకుండా మందు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇరాన్ ఈ బాధ మీకంటే ముందే పడింది. ఆంక్షల వల్ల కొత్తవి కొనలేక మీ టీయూ-154లని నడిపింది. 2009 జులైలో ఖజ్విన్ దగ్గర ఒకటి కూలి 168 మంది పోయారు. 2011 జనవరి ఒకటిన మీ సుర్గుత్‌లో ఒక టీయూ-154 నేల మీదే తగలబడ్డాక, ఫిబ్రవరిలో ఇరాన్ మొత్తం టీయూ-154లని ఆపేసింది. అక్కడా ప్రమాదమే తేదీ పెట్టింది.

మీరు చేతులు ముడుచుకు కూర్చోలేదని నాకు తెలుసు. 2030లోపు వెయ్యికి పైగా విమానాలు సొంతంగా తయారుచేస్తామని 2022లో ప్రకటించారు. ఏఎన్-24 బదులు అనుకున్న ఐఎల్-114-300 మొదటిసారి ఎగిరింది 2020 డిసెంబరులో. టిండాలో విమానం కూలిన రోజుకి అందులో ఒక్కటీ ఏ ఎయిర్‌లైన్స్ చేతికీ రాలేదు. మీ ఇంకో కొత్త విమానం ఎంసీ-21 మొదట ఎగిరింది 2017 మేలో. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా టికెట్ కొన్న ప్రయాణికుడు దాన్ని ఎక్కలేదు. ఆలస్యం అయినందుకు నేను తప్పుపట్టను. విమానం తయారుచేయడం ఆవకాయ పెట్టడం కాదు, ఈ వేసవికల్లా అయిపోవాలని పట్టుబట్టడానికి. తొందరపడి సర్టిఫికెట్ ఇచ్చేకంటే ఇంకో ఏడాది పరీక్షించడమే నయం. కొత్తవి కూడా కూలుతాయి. 2019 మేలో మాస్కో షెరెమెత్యెవో విమానాశ్రయంలో సూపర్‌జెట్ మంటల్లో 41 మంది పోయారు కదా.

నా అభ్యంతరం ఒక్కటే. కొత్తది ఆలస్యమైన ప్రతిసారీ పాతదాని ఆయుష్షు కాగితం మీద పెరుగుతోంది. మీవాళ్ళు దాన్ని "రెసూర్స్" అంటారు. ఇన్ని గంటలు ఎగరొచ్చు, ఇన్నిసార్లు దిగొచ్చు, ఇన్నేళ్ళు వాడొచ్చు అన్న లెక్క. ప్రతిసారీ పైకెళ్ళినప్పుడు లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్ళు కొద్దిగా ఉబ్బుతుంది, దిగినప్పుడు మళ్ళీ మామూలవుతుంది. తీగని అటూ ఇటూ వంచినట్టే. ఎన్నోసారికి తెగుతుందో లెక్కగట్టి, దానికి చాలా ముందే ఆపేయడానికి పుట్టింది ఆ రెసూర్స్. ఫ్యాక్టరీ నుంచి కొత్త విమానం ఇంకా రాలేదన్న కారణంతో ఆ అంకె మారకూడదు. ఫ్యాక్టరీ ఆలస్యం లోహానికి తెలియదు. మా ఆర్టీసీలో బస్సుని కండెమ్ చేయాలంటే అది తిరిగిన కిలోమీటర్లు, దాని ఒంటి పరిస్థితి చూస్తారు. కొత్త బస్సులు రాలేదు కాబట్టి ఇది బాగానే ఉందని రాయమంటే నాన్న సంతకం పెట్టేవాడు కాదు. పెట్టనందుకు ఆయన్ని ఒకసారి వేరే డిపోకి మార్చారు కూడా.

కాబట్టి మొదట అడిగేది ఇది. ప్రయాణికుల్ని మోసే ప్రతి సోవియట్ విమానానికీ, నంబరు వారీగా, తయారైన ఏడాది, ఎగిరిన గంటలు, దిగిన సార్లు, రెసూర్స్ ఎన్నిసార్లు పొడిగించారు, ఎవరు పరీక్షించి సంతకం పెట్టారు, అన్నీ బయట పెట్టండి. ఎవరైనా చూసుకునేలా. విమానం ఏ రకమో టికెట్ మీద వేస్తారు కదా, పక్కన ఏడాది కూడా వేయండి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు. ఆ అంకె కళ్ళ ముందుంటే పొడిగించే చెయ్యి ఒకసారి ఆగి ఆలోచిస్తుంది.

ఆ తర్వాత ప్రతి విమానానికీ దిగిపోయే తేదీ ఇప్పుడే పెట్టండి. తేదీ వచ్చేసరికి కొత్తది రాకపోతే పాతదాన్ని లాగించకండి, సర్వీసులు తగ్గించండి. వారానికి నాలుగున్నవి రెండు చేయండి. రైలు ఉన్న ఊళ్ళకి రైలు పెంచి, ఉన్న మంచి విమానాల్ని రైలు లేని ఊళ్ళకి మళ్ళించండి. టిండాకి రైలుంది. బైకాల్-అమూర్ రైలుమార్గానికి అదే కేంద్రం. మిర్నీకి లేదు. ఈ తేడా చూసి విమానాలు పంచండి. ఒక విమానాన్ని విప్పి ఇంకో రెంటికి భాగాలు వేయడం ఎలాంటిదో నాన్న డిపోలో నేను చిన్నప్పుడు చూశాను. విప్పిన బస్సు షెడ్డు వెనక తుప్పు పడుతుంది, రెండేళ్ళకి మిగతా రెండూ దాని పక్కనే చేరతాయి. అలా వేసిన ప్రతి భాగానికీ చరిత్ర రాసి ఉండాలి. అది లేని భాగం ఎక్కిన విమానాన్ని లేవనివ్వకండి.

సొత్నికొవ్‌లాంటి వాళ్ళకి జీతం ఇవ్వండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పాత విమానాలు ఇంకా కొన్నేళ్ళు ఎగరక తప్పదన్నప్పుడు వాటి దారి పొడుగునా దిగడానికి చోటుండాలి. మూతపడ్డ ఆ చిన్న రన్‌వేలన్నీ ఒక్కొక్క మనిషి మంచితనం మీద వదిలేస్తే ఎలా?

మా దేశానికి కూడా ఇందులో వాటా ఉంది కాబట్టి ఒక మాట. 2025 అక్టోబరు 27న మాస్కోలో మా హెచ్ఏఎల్, మీ యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ ఎస్‌జే-100ని, అంటే సూపర్‌జెట్ కొత్త రూపాన్ని, ఇండియాలో తయారుచేయడానికి అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. 1988లో ఆవ్రో విమానాల తయారీ ఆగిపోయాక మా దగ్గర పూర్తి ప్రయాణికుల విమానం తయారవడం ఇదే మొదలు అవుతుందని హెచ్ఏఎల్ చెప్పింది. నాకు సంతోషమే. మా చిన్న ఊళ్ళకి విమానం కావాలి. సోవియట్ విమానాల చోటుని మీ దేశంలో నింపాల్సింది కూడా ఈ ఎస్‌జే-100 లాంటివే. అందుకే దీని ఇంజన్ పీడీ-8 పరీక్షల ఫలితాలు, విడిభాగాలు 30 ఏళ్ళ పాటు ఎవరు ఎక్కడ తయారుచేస్తారన్న లెక్క, ఇప్పుడే రెండు దేశాల ప్రజల ముందూ పెట్టండి. మా పౌర విమానయాన మంత్రి కె. రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం వారు. ఈ తెలుగు ప్రతిని ఆయనకీ పంపుతున్నాను. సార్, విమానం ధర గురించి మాట్లాడే రోజునే స్పేర్ల గురించి కూడా సంతకాలు చేయించుకోండి. 1993లో మా బేగంపేట నుంచి లేచిన ఆ అద్దె విమానాన్ని మర్చిపోవద్దు.

టిండా తర్వాత మా మేనల్లుడికి ఒక పని చెప్పాను. ఎప్పుడు విమానం ఎక్కాల్సి వచ్చినా, గేటు దగ్గర అద్దంలోంచి కనిపించే నంబరు నాకు పంపమన్నాను. తోక దగ్గర ఆర్ఏ అన్న అక్షరాలు, ఐదంకెలు ఉంటాయి. విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు నడిపే వెబ్‌సైట్లలో ఆ నంబరు కొడితే పుట్టిన ఏడాది వస్తుంది. మీరు టికెట్ మీద వేయాల్సిన అంకెని నేను ఇలా వెతుక్కుంటున్నాను. క్లినిక్‌లో పిల్లలు ఏడుస్తుంటే, వాళ్ళ అమ్మలు నన్నే చూస్తుంటే, ఒక్క నిమిషం అని చెప్పి ఫోన్ తీస్తాను.

పోయిన వారం వాడు స్నేహితుడి ఊరికి వెళ్తూ ఒక నంబరు పంపాడు. వెతికాను. 1974. నేను పుట్టిన ఏడాది. వాడికి వెంటనే ఫోన్ చేశాను, ఎత్తలేదు. "రైలుంటే రైల్లో వెళ్ళు" అని మెసేజ్ పెట్టాను. పావుగంట తర్వాత, "రైలుంది మావయ్యా, టికెట్ క్యాన్సిల్ చేస్తున్నా" అని జవాబు వచ్చింది. వాడి వెనక లైన్లో నిలబడ్డవాళ్ళకి ఆ ఏడాది తెలియదు.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
వోల్గోగ్రాడ్ పూర్వ విద్యార్థి, పిల్లల వైద్యుడు,
ఖమ్మం, తెలంగాణ